మన కోనసీమ ఫోటోలు ప్రింట్లు వేయించి అమ్మొచ్చా? సలహా కావాలి

ఏటిగట్టు, అమలాపురం

అందరికీ నమస్కారం. నేను బ్యాంకు ఉద్యోగిని. ఫోటోలు తీయడం సెలవురోజుల ఇష్టం. ఒక 24 మెగాపిక్సెల్ కెమెరా, దాంతో వచ్చిన లెన్సు, తర్వాత కొనుక్కున్న జూమ్ లెన్సు ఉన్నాయి. సంక్రాంతి నెల మంచులో వైనతేయ (గోదావరి పాయ) మీద పడవలు, సార్వా (తొలి పంట) ఊడ్పులు, కొబ్బరి దింపు, ఒలుపు, జగ్గన్నతోట ప్రభల తీర్థం (వెదురుతో కట్టి అలంకరించిన ప్రభల్ని మోసుకొచ్చే ఉత్సవం), అంతర్వేది దగ్గర నది సముద్రంలో కలిసేచోటు, ఇలా మన చుట్టుపక్కలవే తీస్తుంటాను. ఇప్పటిదాకా ఫోన్లో, కంప్యూటర్లో చూసుకోవడమే తప్ప పెద్ద సైజు ప్రింటు ఎప్పుడూ వేయించలేదు.

దిండి వైపు ఒక రిసార్టు వాళ్ళు ఈ మధ్య నా ఫోటోలు చూసి, గదుల్లో పెట్టుకోవడానికి పన్నెండు కావాలన్నారు. "ఫైల్స్ మెయిల్ చేసేయండి మేడం, మేమే ప్రింటు వేయించుకుంటాం, కింద మీ పేరు వేస్తాం" అన్నారు. డబ్బు మాట ఎత్తలేదు. మావారు ఇచ్చెయ్యమంటున్నారు, పేరొస్తుంది కదా అని. మా వదినగారు మాత్రం "వాళ్ళు గది ఊరికే ఇస్తారా?" అని అడిగారు. అప్పటినుంచి ఎటూ తేల్చుకోలేకపోతున్నాను.

నాలాంటివాళ్ళు ప్రింట్లు అమ్మడం సబబేనా? అమ్మితే ఎంతకి? పెద్దగా వేయిస్తే గోడ మీద నా ఫోటోలు నిలబడతాయా? ఇంకో సంగతి కూడా ఉంది. వాళ్ళు అడిగినవాటిలో సఖినేటిపల్లి రేవులో పంటు (ఏరు దాటించే పెద్ద పడవ) మీద నిలబడ్డ ఒక పెద్దాయన ముఖం దగ్గరగా తీసింది ఉంది. ఫోటో తీశానని ఆయనకి తెలుసు. అమ్మకానికి పెడతానని తెలీదు.

పాలకొల్లు స్టూడియో

మేడం గారూ, మిగతావి తర్వాత, ముందు ఫైల్స్ మాత్రం పంపకండి. ఫైలు వెళ్ళాక అది గదిలో ఉంటుందో, బ్రోచర్లోకి వెళ్తుందో, రావులపాలెం హైవే పక్కన హోర్డింగు ఎక్కుతుందో మీకు తెలీదు. ప్రింటు ఇస్తే అది ఒక్క గోడ మీద ఒక్కటే ఉంటుంది.

రెండోది డబ్బు. ఆ గదికి రంగులు వేసినవాళ్ళకి, ఏసీ బిగించినవాళ్ళకి, పరుపులు తెచ్చినవాళ్ళకి అందరికీ డబ్బిచ్చారు కదండీ. గోడ మీద బొమ్మకి మాత్రం ఎందుకివ్వరు? మేము పెళ్ళిళ్ళు తీసుకుని బతికేవాళ్ళం. ఆల్బమ్ ధర దగ్గర కూర్చున్నప్పుడల్లా "ఫలానావాళ్ళు ఊరికే తీసిచ్చారు" అనే మాట వినాల్సొస్తోంది. మీకు జీతం ఉంది, కాబట్టి మీకు పెద్దగా నష్టం లేదు. ఆ ధర చూపించి తర్వాతి మనిషిని నొక్కుతారు. దయచేసి ఊరికే ఇవ్వకండి. మీ ఇంటి మనిషికి, స్నేహితులకి ఇవ్వండి, అది వేరు.

ప్రింటుఖానా, రాజమండ్రి

నేను ల్యాబ్‌లో పని చేస్తాను. సైజు సంగతి చెప్తాను.

24 మెగాపిక్సెల్ అంటే మీ ఫైలు 6000 × 4000 పిక్సెల్స్. 12 × 18 అంగుళాల ప్రింటుకి అంగుళానికి 333 పిక్సెల్స్ పడతాయి, అది చాలా బాగా వస్తుంది. 20 × 30 వేస్తే అంగుళానికి 200. మంచం అవతలి గోడ మీద, నాలుగడుగుల దూరం నుంచి చూసే బొమ్మకి అది ధారాళంగా సరిపోతుంది. ఈ లెక్కంతా మొత్తం ఫ్రేము వాడినప్పుడే. దూరంగా ఉన్న కొంగని కోసి కోసి దగ్గరికి తెచ్చి, చివరికి 2000 పిక్సెల్స్ మిగిలితే పది అంగుళాలకి మించి ఆశ పెట్టుకోవద్దు. వాట్సాప్‌లో వచ్చిన కాపీ అయితే ల్యాబ్‌కి తీసుకురావద్దు. ఒరిజినల్ కావాలి.

మంచు ఫోటోలకి ఒక ఇబ్బంది ఉంది. స్క్రీన్ మీద మంచు వెలుగుతూ కనపడుతుంది. కాగితానికి సొంత వెలుతురు ఉండదు. బాగా తెల్లగా ఉన్నచోట ఇంకు పడదు, వట్టి కాగితం కనపడుతుంది. ఏటికి, ఆకాశానికి మధ్య గీత కరిగిపోయి ఉండే ఫోటోల్లో బొమ్మ ఎక్కడ అయిపోయిందో, కాగితం ఎక్కడ మొదలైందో తెలియకుండా పోతుంది. అందుకని బాగా తెల్లని భాగాన్ని (ఎడిటింగులో నలుపు అంటే 0, పూర్తి తెలుపు అంటే 255) 255 దాకా పోనివ్వకుండా 245 దగ్గర ఆపండి. ఇంకోటి, మంచులో తెలుపు నుంచి బూడిదరంగుకి మెల్లగా మారే చోట జేపెగ్ ఫైల్‌ని ఎక్కువ లాగితే మెట్లు మెట్లుగా గీతలు పడతాయి. రా ఫైల్ (కెమెరా కుదించకుండా దాచిన అసలు ఫైలు) ఉంటే దాని నుంచే చేయండి.

కొబ్బరితోటల ఫోటోలకి దీనికి ఎదురు ఇబ్బంది. నీడలు స్క్రీన్ మీద కనపడి ప్రింటులో నల్లటి ముద్దగా వస్తాయి. చాలామంది మానిటర్ బ్రైట్‌నెస్ పూర్తిగా పెంచి ఎడిట్ చేస్తారు, ప్రింటు చీకటిగా వచ్చిందని మమ్మల్ని అంటారు. సగానికి తగ్గించి చూడండి.

అమ్మాలా వద్దా అన్నది ఇప్పుడే తేల్చకండి. మీకు బాగా నచ్చినవి ఓ నాలుగు 12 × 18 వేయించి ఇంట్లో గోడకి పెట్టుకోండి. నెల తర్వాత కూడా మీ కళ్ళు దానిమీదకి పోతుంటే అది అమ్మదగ్గ బొమ్మ.

కూకట్‌పల్లిలో కోనసీమ

నేను కొనేవాడి వైపు నుంచి మాట్లాడతాను. మాది ఆత్రేయపురం దగ్గర. హైదరాబాద్‌లో ఫ్లాట్ కొనుక్కున్నప్పుడు హాల్లో పెట్టడానికి గోదారి ఫోటో కోసం తెగ వెతికాను. ఆన్‌లైన్లో ఎక్కడ చూసినా రాజమండ్రి ఆర్చ్ బ్రిడ్జి, వెనకాల నారింజరంగు ఆకాశం. అందంగానే ఉంటుంది, కాదనను. కానీ అది మా ఇల్లు కాదు కదండీ. నాకు లొల్ల లాకులు కావాలి. లాకుల తలుపుల సందులోంచి నీళ్ళు చిమ్ముతుంటే ఆ పక్కన సైకిలు ఆపుకుని నిలబడ్డ మనిషి కావాలి. పచ్చటి చేల మధ్య కాలువగట్టు కావాలి. అలాంటిది ఎవరైనా అమ్ముతామంటే బేరం కూడా ఆడను.

మాలాంటివాళ్ళు హైదరాబాద్‌లో, బెంగళూరులో, అమెరికాలో చాలామంది ఉన్నారు. ప్రింటు వెనకాల ఊరి పేరు, ఏ కాలువ, ఏ నెల అని రాసి ఇవ్వండి. మా నాన్నగారు అయితే ఫోటో కన్నా ముందు అదే చదువుతారు.

పాత గోదారి

అందరూ అమ్మమనే అంటున్నారు. నేను వద్దనేవాణ్ణి. కోపగించుకోకండి.

అమ్మకం మొదలైన దగ్గర్నుంచి చూపు మారుతుంది. ఇప్పుడు మీరు రేవుకి వెళ్తే ఏది కనపడితే అది తీస్తున్నారు. రేపు "పడవ ఫోటోలు పోతున్నాయి, పడవే తీద్దాం" అనిపిస్తుంది. ఒలుపు పనివాళ్ళ చేతులు, వరద తగ్గాక ఏటి మధ్య లంకలో ఇళ్ళ గోడల మీద మిగిలిన బురద చార, ఇవి ఎవరూ గదిలో పెట్టుకోరు కాబట్టి తీయడం మానేస్తారు. ఎవరి కోసమూ కాకుండా చేసే పని మనిషికి ఒకటైనా ఉండాలని నా నమ్మకం. బ్యాంకులో రోజంతా టార్గెట్లే కదా, ఆదివారం కూడా టార్గెట్ దేనికి?

డామెర్ల రామారావు గారి ఆర్ట్ గ్యాలరీ రాజమండ్రిలోనే ఉంది. ఆయన 1897లో పుట్టి 1925లోనే పోయారు. అంత తక్కువ కాలంలో వేసిన బొమ్మల ముందు కాసేపు నిలబడి రండి. మీరేం తీయాలనుకుంటున్నారో అప్పుడు ఆలోచించుకోండి. నేను చెప్పేది ఇంతే.

ఏటిగట్టు, అమలాపురం

పాత గోదారి గారూ, కోపం ఏముందండీ, నా లోపల ఉన్న భయాన్నే మీరు పైకి అన్నారు. కానీ ఇంకోవైపు కూడా ఉంది. ఈ ఫోటోలన్నీ హార్డ్‌డిస్కులో ఉన్నాయి. నేను తప్ప ఎవరూ చూడరు. కూకట్‌పల్లి గారు లొల్ల లాకుల గురించి రాసింది చదివాక, నా దగ్గర అలాంటి ఫోటో ఉంది కదా అని తీసి మళ్ళీ చూశాను. ఒక మనిషి కోరుకుంటున్న బొమ్మ నా దగ్గర మూలపడి ఉండడం కూడా నాకు బాగాలేదు. బురద చార ఫోటోలు తీయడం మాననని మాటిస్తున్నాను.

ల్యాబ్ గారూ, నాలుగు ఎంచాను. ఈ వారమే పంపిస్తాను. పంటు పెద్దాయన ఫోటో గురించి ఎవరూ మాట్లాడలేదు. నాకు అదే ఎక్కువ టెన్షన్‌గా ఉంది.

లేసు అల్లిక, నర్సాపురం

నేను చెప్తానండి. మా అమ్మ, మా పెద్దమ్మ లేసు అల్లేవాళ్ళు. అరుగు మీద కూర్చుని అల్లుతుంటే ఎవరెవరో వచ్చి ఫోటోలు తీసుకునేవాళ్ళు. అమ్మ ఫోటో ఎక్కడెక్కడ వచ్చిందో మాకు ఇప్పటికీ తెలీదు. నర్సాపురం లేసుకి 2024లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చినప్పుడు మా ఇంట్లో సంతోషపడ్డాం. అయినా అల్లిన చేతుల పేరు ఏ బొమ్మ కిందా ఉండదు. అందుకే ఈ విషయం నాకు చిన్నగా అనిపించదు.

ఆ పెద్దాయన దగ్గరికి వెళ్ళండి. ఫోటో చూపించండి. ఫోన్లో కాదు, ప్రింటు వేయించి చేతిలో పెట్టండి. ఎక్కడ పెడతారో, డబ్బు తీసుకుంటున్నారో దాచకుండా చెప్పండి. సరే అంటే చిన్న కాగితం మీద తెలుగులో రాసి, చదివి వినిపించి, సంతకమో వేలిముద్రో తీసుకోండి. వచ్చినదాంట్లో ఆయనకీ కొంత ఇవ్వండి. వద్దంటే అక్కడితో వదిలేయండి, రెండోసారి బతిమాలొద్దు. బ్యాంకు మేడం వచ్చి అడిగితే కాదనడం అలాంటివాళ్ళకి కష్టం, అది గుర్తుపెట్టుకోండి.

పాలకొల్లు స్టూడియో

లేసు గారు చెప్పింది ఒక్క ముఖం ఉన్న ఫోటోకి సరే. తీర్థంలో వేలమంది ఉంటారు. కౌశిక కాలువ దాటుతున్న ప్రభ ఫోటోలో మోసేవాళ్ళే అంతమంది, అందరి సంతకాలూ ఎక్కడ తెస్తారు?

లేసు అల్లిక, నర్సాపురం

అంతమంది సంతకాలు తెమ్మని నేను అనలేదండి. ఊరంతా కలిసి చేసే ఉత్సవంలో అందరూ కనపడతారు, అది ఊరి బొమ్మ. ఒక మనిషి ముఖమే బొమ్మంతా అయినప్పుడు ఆ మనిషిని అడగాలి. ప్రభ ఫోటోకి వేరే జాగ్రత్త ఉంది. కనుమ రోజు పదకొండు ఊళ్ళ రుద్రులు జగ్గన్నతోటలో కలుస్తారని మనవాళ్ళ నమ్మకం. ప్రభని చేలల్లోంచి, కాలువలోంచి భుజాల మీద మోసుకొస్తారు. దాన్ని తీసుకెళ్ళి బార్ కౌంటర్ వెనకాల పెడితే మనసు నొచ్చుకునేవాళ్ళు ఉంటారు. ఎక్కడ పెడతారో అడిగి తెలుసుకుని ఇవ్వండి.

పద్దుపుస్తకం, భీమవరం

ఆడిటర్‌ని. కాగితాల సంగతి నేను చెప్తాను.

ముందు మీ ఉద్యోగం. బ్యాంకువాళ్ళకి ప్రవర్తనా నియమావళి ఉంటుంది. బయట వ్యాపారం చేయాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి. ఒకటి రెండు ప్రింట్లే కదా అనుకోకుండా మీ పై ఆఫీసుకి రాతపూర్వకంగా రాసి జవాబు వచ్చాకే డబ్బు తీసుకోండి. వచ్చిన ఆదాయం రిటర్నులో చూపించాలి. జీఎస్టీ గురించి భయపడక్కర్లేదు. రాష్ట్రంలోపల నేరుగా వస్తువులు అమ్మేవాళ్ళకి ఏడాదికి 40 లక్షల టర్నోవర్ దాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఆన్‌లైన్ సైట్ల ద్వారానో, పక్క రాష్ట్రాలకో అమ్మాలనుకుంటే నియమాలు వేరుగా ఉంటాయి, అప్పుడు ఒకసారి అడిగి చేయండి.

ఇక హక్కు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఫోటో తీసినవాళ్ళే దాని మొదటి హక్కుదారు. 2012 సవరణ తర్వాత ఫోటోలకి కూడా తీసినవాళ్ళ జీవితకాలం, ఆపైన 60 ఏళ్ళు రక్షణ ఉంది. ప్రింటు అమ్మినంత మాత్రాన ఈ హక్కు పోదు. రిసార్టు ప్రింటుని గోడకి పెట్టుకోవచ్చు, దాన్ని ఫోటో తీసి బ్రోచర్లో వేసుకోకూడదు.

చాలామందికి తెలియని మెలిక ఒకటి ఉంది. "మా రిసార్టుని కూడా ఫోటోలు తీసిపెట్టండి, డబ్బిస్తాం" అని వాళ్ళు పని అప్పజెప్పారనుకోండి. ఒప్పందం వేరేగా రాసుకోకపోతే ఆ ఫోటోల మీద మొదటి హక్కు వాళ్ళదే అవుతుంది. కాబట్టి మాట్లాడేటప్పుడు మీ పాత ఫోటోల ప్రింట్లు, వాళ్ళ కోసం కొత్తగా తీసేవి కలపకండి. ఒకవేళ ఫైలు మీద హక్కే రాసివ్వాల్సి వస్తే ఎన్నేళ్ళకి, ఎక్కడ, దేనికి అన్నది కాగితం మీద ఉండాలి. కాలం రాయకపోతే చట్టం అయిదేళ్ళుగా లెక్కేస్తుంది. ఎక్కడ అన్నది రాయకపోతే దేశమంతా అనుకుంటుంది.

మడచెట్టు, కాకినాడ

మేడం, ఆ పన్నెండులో డ్రోన్‌తో తీసినవి ఏమైనా ఉన్నాయా? 2021 డ్రోన్ నియమాల ప్రకారం 250 గ్రాముల లోపు డ్రోన్‌కి పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. అంతకు మించి రెండు కిలోల దాకా ఉన్నవాటికి సరదాకి అయితే అక్కర్లేదు, వ్యాపారానికి అయితే కావాలి. అమ్మాలన్న ఉద్దేశంతో ఎగరేస్తే లెక్క మారుతుందన్నమాట. కోరంగి అభయారణ్యం పైన అయితే అటవీ శాఖ అనుమతి లేకుండా అసలు ఎగరేయకండి. మడ అడవిలో గూళ్ళు కట్టుకునే పక్షులు ఆ చప్పుడుకి గుడ్లు వదిలేసి లేచిపోతాయి. ఫోటో కోసం ఆ పని చేసేవాళ్ళంటే నాకు మంట.

ఏటిగట్టు, అమలాపురం

మడచెట్టు గారూ, నాకు డ్రోన్ లేదండి. అన్నీ నేల మీద నిలబడి తీసినవే.

నాలుగు ప్రింట్లూ వచ్చాయి. మూడు నెమ్మదిగా నచ్చుతున్నాయి. నాలుగోది, స్క్రీన్ మీద అందరూ మెచ్చుకున్న సూర్యాస్తమయం, గోడ మీద రెండోరోజుకే చూడబుద్ధి కాలేదు. లాకుల ఫోటోలో మాత్రం నేను అంతకుముందు గమనించని సంగతి కనపడింది. గట్టు మీద గడ్డికోసుకుంటున్న ఒకావిడ చిన్నగా, మూలన. ప్రింటు పెద్దదైతే తప్ప ఆవిడ కనపడదు.

పంటు పెద్దాయన దగ్గరికి ప్రింటు పట్టుకుని వెళ్ళాను. చాలాసేపు చూశారు. రిసార్టు సంగతి చెప్తే "ఎవరో పడుకునే గదిలో నేనెందుకమ్మా" అన్నారు. ఇంకేం అడగలేదు. ఆ ఫోటో జాబితాలోంచి తీసేశాను. తనూ భార్యా కలిసి ఉన్న ఫోటో ఒకటి తీసిపెట్టమన్నారు, వచ్చే ఆదివారం వెళ్తాను. అది అమ్మకానికి కాదు.

బ్యాంకుకి లెటర్ పెట్టాను. అనుమతి వస్తే ప్రింట్లు మాత్రం అమ్మాలని, ఫైల్స్ ఎవరికీ ఇవ్వకూడదని నిర్ణయించుకున్నాను. ఇప్పుడు ధర ఎలా కట్టాలో చెప్పండి. అలాగే ఏటిపక్క గాలికి ఫ్రేములు ఎంతకాలం ఉంటాయని వాళ్ళ మేనేజరు అడిగారు.

పాలకొల్లు స్టూడియో

ధరకి నా పద్ధతి ఇది. ప్రింటు, మౌంటు (ప్రింటు చుట్టూ పెట్టే అట్ట), ఫ్రేము, ప్యాకింగు, బండి ఖర్చు, పాడైపోయే ప్రింట్లకి కొంత, అన్నీ కలిపి అసలు ఖర్చు తేల్చండి. ఉదాహరణకి అది 2,500 అయిందనుకుంటే 3,000కి ఇవ్వడం మీ పనికి 500 కట్టడమే. తెల్లవారుజామున లేచి వెళ్ళిన రోజులు, కెమెరా, లెన్సు అరుగుదల ఏమైనట్టు? కనీసం రెట్టింపు దగ్గర మొదలుపెట్టండి. ఒకే ధర అందరికీ చెప్పండి. ఎక్కువ తీసుకుంటున్నారు కాబట్టి రిసార్టుకి కొంచెం తగ్గించొచ్చు, అది కాగితం మీద కనపడేలా తగ్గించండి. ఇన్ని కాపీలే వేస్తానని సంఖ్య పెట్టాలనుకుంటే, ఉదాహరణకి పాతిక అని ప్రతి ప్రింటు వెనకాలా రాసి సంతకం చేస్తే, ఇరవయ్యారోది ఎవరడిగినా వేయకూడదు. ఆ నిబ్బరం లేకపోతే అసలు సంఖ్యే పెట్టొద్దు.

ప్రింటుఖానా, రాజమండ్రి

ఫ్రేము గురించి. మన తేమలో మొదట పాడయ్యేది గ్లాసుకి అతుక్కున్న ప్రింటు. గ్లాసీ కాగితాన్ని నేరుగా అద్దానికి ఆనించి బిగిస్తే రెండు వానాకాలాల్లో అక్కడక్కడ అంటుకుపోయి తడి మచ్చలాగా మెరుస్తుంది. ఊడదీస్తే బొమ్మ కూడా లేచి వస్తుంది. అందుకని మ్యాట్ (మెరుపు లేని) కాగితం తీసుకోండి. చుట్టూ యాసిడ్ లేని మౌంటు బోర్డు పెట్టిస్తే అద్దానికి, ప్రింటుకి మధ్య సందు వస్తుంది. వెనక చెక్కబోర్డు అంచులన్నీ టేపుతో మూసేయాలి, లేకపోతే వెండిచేప పురుగు లోపలికి దూరుతుంది. కింది రెండు మూలల్లో చిన్న రబ్బరు బిళ్ళలు అంటిస్తే ఫ్రేము గోడకి ఆనకుండా వెనకాల గాలి ఆడుతుంది. వాన కొట్టే వైపు గోడకి, బాత్రూమ్ అవతలి గోడకి పెట్టొద్దని వాళ్ళకి చెప్పండి. కిటికీ ఎండ నేరుగా పడేచోట ఏ కాగితమైనా వెలిసిపోతుంది.

కూకట్‌పల్లి గారికి పంపేది మాత్రం ఫ్రేము లేకుండా చుట్టి పంపండి. అట్టగొట్టం వానలో మెత్తబడిపోతుంది. నాలుగంగుళాల పీవీసీ పైపు ముక్క, రెండువైపులా మూతలు, లోపల ప్లాస్టిక్ కవరు. బొమ్మ వైపు పైకి వచ్చేలా చుట్టండి.

కూకట్‌పల్లిలో కోనసీమ

లాకుల ఫోటో 20 × 30 నాకు ఒకటి రాసుకోండి. ధర మీరు చెప్పిందే. తొందరేం లేదు, మీ బ్యాంకు అనుమతి వచ్చాకే పంపండి. గడ్డికోసుకునే ఆవిడని కోసేయకుండా పూర్తి ఫ్రేము కావాలి.

ఏటిగట్టు, అమలాపురం

అనుమతి వచ్చింది. రిసార్టు వాళ్ళు మొదట ముఖం చిట్లించారు, ఫైల్స్ ఇస్తే ఖర్చు తగ్గుతుందని. ప్రింట్లు తప్ప ఇవ్వనన్నాను. చివరికి ఎనిమిదికి ఒప్పుకున్నారు. ప్రభల ఫోటో రిసెప్షన్లో, దేవుడి పటం ఉన్న వైపు పెడతామని కాగితం మీద రాసిచ్చారు. సగం డబ్బు ముందు ఇచ్చారు.

ల్యాబ్ గారూ, మంచు ఫోటోలు రెంటిలో తెలుపు 245 దగ్గర ఆపి మళ్ళీ చేశాను. ఇప్పుడు స్క్రీన్ మీద కాస్త మబ్బుగా కనపడుతోంది. అలాగే పంపమంటారా?

ప్రింటుఖానా, రాజమండ్రి

అలాగే పంపండి. ముందు 8 × 12 టెస్టు ముక్క ఒకటి వేసి బస్సు పార్శిల్లో పెడతాను. ట్యూబులైటు కింద కాకుండా పగలు కిటికీ దగ్గర పెట్టుకుని చూసి చెప్పండి, తర్వాత పెద్దవి వేద్దాం.